పరమాణువులను తూచిన ఆస్టన్

క్లోరిన్ పరమాణు భారము 35.5 అని ఉన్నత పాఠశాల విద్యార్థులందరును వల్లించుదురు. ఏ తరగతిలోనైనను ఒక చురుకైన బాలుడో బాలికయో లేచి, ఆ అర ఎక్కడినుండి వచ్చినదని ఉపాధ్యాయుని అడుగక మానరు. పరమాణువులోని కణములు లెక్కకు వచ్చునవే యైనచో సగము కణమెట్లుండును? పెద్దలును ఈ ప్రశ్నతో చాలకాలము తలపట్టుకొనిరి. 1815లో విలియం ప్రౌట్ అను లండను వైద్యుడు, మూలకముల భారములన్నియు ఉదజని భారమునకు పూర్ణ గుణిజములనియు, కనుక సకల పదార్థములును ఉదజనితోనే కట్టబడి యుండవలెననియు ఊహించెను. ఊహ సొగసైనదే. కాని క్లోరిన్ దగ్గరకు వచ్చునప్పటికి అది కుంటుపడెను. త్రాసులు మెరుగైన కొలదియు ఆ అర స్థిరపడినదే కాని తొలగిపోలేదు. నూరేండ్లకు పైగా రసాయన శాస్త్రమున గ్రుచ్చుకొని యున్న ఆ ముల్లును తీసినవాడు ఫ్రాన్సిస్ విలియం ఆస్టన్. ఆయన ఆ పనికై నిర్మించిన యంత్రము నేడు ఆసుపత్రి ప్రయోగశాలలలో పసిబిడ్డల రక్తమును పరీక్షించుచున్నది. ఈ రెంటి నడుమనున్న కథ ఆయన జీవితముతో మొదలగును; దానితో ముగియదు.

ఆస్టన్ 1877వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ చెంతనున్న హార్బోర్న్‌లో జన్మించెను. తండ్రి లోహముల వర్తకుడు. వ్యవసాయము కూడ ఉండెడిది. తల్లి తుపాకులు తయారుచేయు కుటుంబపు ఆడపడుచు. ఇనుముతోను ఇత్తడితోను బ్రతుకు నగరమది. మాల్వర్న్ కళాశాలలో చదువు ముగించి, 1893లో ఆయన బర్మింగ్‌హామ్‌లోని మేసన్ కళాశాలలో చేరెను. అక్కడ పాయింటింగ్ వద్ద భౌతిక శాస్త్రమును, టిల్డెన్, ఫ్రాంక్లాండ్ అనువారి వద్ద రసాయన శాస్త్రమును అభ్యసించెను. ఇంటివద్దనే ఒక చిన్న ప్రయోగశాలను ఏర్పరచుకొని తీరికవేళలందు అందులోనే గడుపుచుండెను. గాజును కాచి తనకు కావలసిన ఆకృతిలో ఊదుటయందును, సున్నితమైన పరికరములను స్వహస్తములతో అమర్చుటయందును ఆయనకబ్బిన నేర్పు తరువాతి కాలమున ఏ పట్టమునకంటెను ఎక్కువగా అక్కరకు వచ్చెను.

అయినను పరిశోధనవలన వెంటనే జీవనము గడవదు. ఆస్టన్ పులియబెట్టు ప్రక్రియల రసాయన శాస్త్రము నేర్చుకొని, 1900 మొదలు మూడేండ్లు ఒక బీరు కర్మాగారమున రసాయనికుడుగా ఉద్యోగము చేసెను. పగలు బీరు పరీక్షలు, రాత్రి ఇంటిలో స్వంత ప్రయోగములు. 1895లో ఎక్సు కిరణములును, మరుసటి సంవత్సరమున రేడియోధార్మికతయు బయల్పడినవి. శూన్యమొనర్చిన గాజు గొట్టములో విద్యుత్తు ప్రవహించునప్పుడు కనబడు వింత వెలుగులవైపు ఆయన మనస్సు మళ్లెను. 1903లో ఉద్యోగము వదలి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునకు తిరిగివచ్చి, ఆ వెలుగుల నడుమనుండు చీకటి పట్టీలను కొలుచుటకు పూనుకొనెను. వానిలో ఒకదానికి నేటికిని ఆయన పేరే కలదు.

1908లో తండ్రి మరణించెను. ఆస్టన్ ప్రపంచయాత్రకు బయలుదేరెను. ప్రయాణములన్నను ఆటలన్నను ఆయనకు మిక్కిలి ప్రీతి. మంచుపై జారుటయు టెన్నిసును గోల్ఫును ఆయనకు తెలిసిన విద్యలే. హొనొలూలులో సముద్రపు అలలపై పలకనెక్కి తేలు విద్యను కూడ నేర్చుకొనెను. పియానో, వయొలిన్, చెల్లో వాయించును. సూర్యగ్రహణములు చూచుటకు సుమత్రాకును కెనడాకును జపానుకును వెళ్లిన శాస్త్రజ్ఞుల బృందములలో ఆయన యుండెను. వివాహము చేసికొనలేదు. ఇన్ని వ్యాపకములు గలవాడు ఒక అంకెకు దశాంశ బిందువు తరువాతి స్థానముకొరకు ఏండ్ల తరబడి చీకటిగదిలో కూర్చుండగలిగెననుట చూడ ముచ్చట గొలుపును.

1910లో జె. జె. థామ్సన్ తనకు సహాయకుడుగా ఆస్టన్‌ను కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలకు పిలిపించుకొనెను. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొన్న మహనీయుడు. అప్పుడు ధన కిరణములను పరిశోధించుచుండెను. పలుచని వాయువులో విద్యుత్తు ప్రవహించునప్పుడు కొన్ని పరమాణువులు ఎలక్ట్రానును కోల్పోయి ధన విద్యుత్తును పొందును. అవి వేగముగా దూసుకొనిపోవునప్పుడు విద్యుత్ క్షేత్రముచేతను అయస్కాంత క్షేత్రముచేతను వానిని ప్రక్కకు వంచవచ్చును. తేలికయైనది ఎక్కువగా వంగును, బరువైనది తక్కువగా వంగును. ఆ విధముగా ఛాయాచిత్రపు పలకపై ఒక్కొక్క భారమునకు ఒక్కొక్క వక్రరేఖ ఏర్పడును.

1912లో నియాన్ వాయువును పరీక్షించినప్పుడు 20 స్థానమున స్పష్టమైన రేఖయు, 22 స్థానమున సన్నని రేఖయు కనబడెను. నియాన్ భారము 20.2 అని అప్పటికే తెలియును. ఈ 22 ఏమి? క్రొత్త మూలకమా, ఏదైన సంయోగమా, లేక నియానే రెండు విధములుగా నున్నదా? థామ్సన్ సంశయించెను. ఆస్టన్ నియాన్‌ను సన్న రంధ్రములుగల మట్టి గొట్టములగుండా మరల మరల ప్రసరింపజేసి, తేలికభాగమును బరువుభాగమును వేరుచేయ యత్నించెను. ఫలితమును తూచుటకు స్ఫటిక తంతువుతో తానే ఒక అతిసూక్ష్మమైన త్రాసును చేసెను. మన కంసాలుల గురిగింజ దాని ముందు కొండ. ఎంతో శ్రమపడిన తరువాత రెండు భాగముల సాంద్రతలలో నూటికి ఒకటికంటెను తక్కువ భేదము కనబడెను. ఉన్నదనుటకు చాలును, ఒప్పించుటకు చాలదు. 1913లోనే ఫ్రెడరిక్ సాడీ, ఆవర్తన పట్టికలో ఒకే స్థానమున నుండి భారమున భిన్నమైన పరమాణువులకు ఐసోటోపులని పేరు పెట్టెను. అయితే సాడీ చెప్పినవి రేడియోధార్మిక మూలకములు. మామూలు మూలకములందును అట్టివి కలవని చూపువారు కావలసియుండిరి.

అంతలో మహాయుద్ధము వచ్చెను. ఆస్టన్‌ను ఫార్న్‌బరోలోని విమాన కర్మాగారమునకు పంపిరి. విమానపు రెక్కల గుడ్డకు పూయు పూతలను పరిశీలించుట అక్కడి పని. ఆ రోజులలో లిండెమన్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు ఆయనకు సహచరుడయ్యెను. నియాన్ సంగతి లిండెమన్ నమ్మలేదు, ఆస్టన్ విడువలేదు. పని అయిదేండ్లు నిలిచిపోయినను, ఆ వాదములవలన ప్రయోగము మనస్సులో పదునెక్కెననవచ్చును.

1919లో కేంబ్రిడ్జికి తిరిగివచ్చిన కొలది నెలలకే క్రొత్త పరికరము సిద్ధమయ్యెను. థామ్సన్ పద్ధతిలో ఒకే భారముగల కణములు వేర్వేరు వేగములవలన పొడుగాటి వక్రరేఖగా చెదరిపోయెడివి. చెదరిన కొలది గీత మసకబారును. ఆస్టన్ ముందుగా రెండు సన్నని చీలికలగుండా కిరణమును పంపి, విద్యుత్ క్షేత్రముచేత ఒక ప్రక్కకు వంచి, పిమ్మట అయస్కాంత క్షేత్రముచేత ఎదురు ప్రక్కకు వంచెను. అప్పుడు వేగమెట్టిదైనను, ఒకే భారముగల కణములన్నియు పలకపై ఒకే చోట కలిసికొనును. పట్టకము తెల్లని వెలుగును రంగులుగా విడదీసి వర్ణపటము చూపునట్లు, ఈ యంత్రము పదార్థమును భారములుగా విడదీసి వరుసగా గీతలను చూపును. అందుచేత దానికి మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ అని పేరు వచ్చెను. అమెరికాలో చికాగో నగరమున డెంప్‌స్టర్ అను ఆయన 1918లోనే వేరొక పద్ధతిలో ఇట్టి పరికరమును నిర్మించెనని కూడ ఇక్కడ చెప్పుట న్యాయము.

నియాన్‌లో 20, 22 స్పష్టముగా వేరుపడినవి. తరువాత క్లోరిన్ వంతు. పలకపై 35 వద్ద ఒక గీత, 37 వద్ద ఒక గీత పడినవి. 35.5 వద్ద ఏమియు లేదు! 35 భారముగలవి మూడు పాళ్లు, 37 భారముగలవి ఒక పాలు కలిసియుండుటచే సగటు 35.5 అగుచున్నదన్నమాట. తరగతి సగటు మార్కులు నలువదియైదున్నర అయినంతమాత్రమున నలువదియైదున్నర మార్కులు తెచ్చుకొన్న బాలుడు ఆ తరగతిలో ఉండనక్కరలేదు గదా! నూరేండ్లుగా రసాయనికులు సగటును చూచి మనిషియనుకొనిరి. ప్రౌట్ ఊహలో గట్టి పాలే నిజమని తేలెను. క్రిప్టాన్‌లో ఆరు రకములు కనబడినవి. ఒక్కొక్క మూలకమును పట్టుకొని ఆస్టన్ తన జీవితమున మొత్తము 212 ఐసోటోపులను గుర్తించెను. 1920లో ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికై, కడవరకు అక్కడనే నివసించెను. 1922వ సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమానము ఆయనకు లభించెను.

ఇంతటితో తృప్తిపడి యుండవచ్చును. కాని ఆయన స్వభావమది కాదు. ఆమ్లజనిని సరిగా 16గా పెట్టుకొని కొలిచినచో మిగిలినవి దాదాపు పూర్ణాంకములే, దాదాపు మాత్రమే. ఉదజని 1.008. నాలుగు ఉదజనులు కలిసి ఒక హీలియమైనచో నూటికి సుమారు ఒక వంతు కొంచెము తక్కువగా భారము మాయమగుచున్నది. ఆ మాయమైన భారమే శక్తిగా వెలువడి సూర్యుని మండించుచుండవచ్చునని 1920లో ఎడింగ్టన్ ఈ కొలతలను ఆధారము చేసికొని చెప్పెను. ఒక గ్లాసెడు నీటిలోని ఉదజనిని హీలియముగా మార్చగలిగినచో క్వీన్ మేరీ ఓడ అట్లాంటిక్ సముద్రమును పూర్తి వేగముతో దాటి తిరిగిరాగలదని ఆస్టన్ లెక్కవేసి చెప్పెడివాడు. 1927లో ఆయన పదివేలలో ఒక వంతు వరకు సరిచూడగల రెండవ యంత్రమును నిర్మించెను.

ఆ యంత్రము చూపిన ఒక అంకె వెనుక విచిత్రమైన కథ యున్నది. ఆమ్లజనిలోను ఐసోటోపులున్నవని 1929లో తెలిసిన పిమ్మట, ఆస్టన్ చెప్పిన ఉదజని భారమునకును రసాయన పద్ధతిలో వచ్చిన భారమునకును చిన్న తేడా కనబడెను. ఉదజనిలోను బరువైన రకమొకటి దాగి యుండవలెనని ఇద్దరు అమెరికనులు సూచింపగా, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున హెరాల్డ్ యూరీ వెదకి 1931లో దానిని పట్టుకొనెను. అదియే డ్యుటీరియము, భార ఉదజని. కొన్నేండ్లకు ఆస్టన్ తన కొలతను తానే సరిదిద్దగా, ఆ తేడా అసలు లేదనియే తేలెను! ఆ లేని తేడాయే యూరీని ఉన్న వస్తువువద్దకు నడిపించెను.

వైద్యమునకు తలుపు తెరచినది ఈ భార ఉదజనియే. నాజీల పాలన మొదలుకాగా 1933లో జర్మనీ విడిచి కొలంబియాకు వచ్చిన రుడాల్ఫ్ షోన్‌హైమర్ అను జీవరసాయనికుడు, యూరీ శిష్యుడైన రిటెన్‌బర్గ్‌తో కలిసి, భార ఉదజనితో గుర్తుపెట్టిన క్రొవ్వును ఎలుకలకు పెట్టి చూచెను. గుర్తు వేసిన ఆవును మందలో విడిచి అది ఎక్కడికి పోయినదో కనిపెట్టునట్టి ఉపాయమిది. శరీరములోని క్రొవ్వు గాదెలో పోసిన ధాన్యమువలె కదలక పడియుండునని అంతవరకు అనుకొనెడివారు. 1935 నుండి వెలువడిన ఈ ప్రయోగములు, తిన్న క్రొవ్వు గాదెలోనికి పోవుచు, పాతది ఖర్చగుచు నిత్యము మారుచుండునని చూపినవి. తరువాత 15 భారముగల నత్రజనితో గుర్తుపెట్టిన అమైనో ఆమ్లములను ఉపయోగించి, ఆ నత్రజనిని మాస్ స్పెక్ట్రోమీటరుతోనే తూచి, కండలోని ప్రోటీనులును అట్లే మారుచుండునని నిరూపించిరి. వ్యాధియనగా ఈ ప్రవాహమున ఎక్కడనో అడ్డు పడుటయని చూచు దృష్టికి ఇది బలమైన ఆధారమయ్యెను.

అదే సూత్రము మరియొక దారిని కూడ పట్టెను. యుద్ధకాలమున అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో పెద్ద పెద్ద అయస్కాంతములతో యురేనియము ఐసోటోపులను వేరుచేసిరి. హిరోషిమాపై 1945 ఆగస్టులో పడిన బాంబులోని యురేనియమునకు ఆ యంత్రములును తోడ్పడినవి. ఆస్టన్ ఆ వార్తను వినునంతవరకు జీవించియుండెను. అదే సంవత్సరము నవంబరు 20వ తేదీన కేంబ్రిడ్జిలో మరణించెను. తన ఆస్తిలో అధికభాగమును ట్రినిటీ కళాశాలకును శాస్త్ర కార్యములకును విడిచెను.

తన యంత్రము రోగుల మంచములవరకు వెళ్లునని ఆయన ఊహించినట్లు తోచదు. ఆయన దృష్టి మూలకములమీదనే యుండెను. ఈ విషయమున గురువు చూపు దూరము పోయినదనక తప్పదు: ధన కిరణముల పద్ధతి రసాయన విశ్లేషణకు ఉపయోగపడుననియు, అత్యల్ప పదార్థము చాలుననియు, దానిని ముందుగా శుద్ధిచేయవలసిన పనియు లేదనియు థామ్సన్ 1913లోనే తన గ్రంథమున వ్రాసెను. రోగినుండి తీయగల రక్తము కొలదియే. అందులో వేలకొలది పదార్థములు కలిసియుండును. థామ్సన్ చెప్పిన లక్షణములే వైద్యునికి కావలసినవి.

1966లో బోస్టన్ నగరమున కే టనాకాయు ఆయన సహచరులును, ఒంటినుండి చెమటపట్టిన పాదముల వాసన వచ్చు తోబుట్టువులైన ఇద్దరు పిల్లల రక్తమును వాయు క్రోమటోగ్రాఫుతోను మాస్ స్పెక్ట్రోమీటరుతోను పరీక్షించి, ఐసోవలెరిక్ ఆమ్లము పేరుకొనియున్నదని కనుగొనిరి. ముక్కు పసిగట్టినదానికి యంత్రము పేరు పెట్టెను. ఆ కాలమున ఆవిరిగా మారగల చిన్న అణువులను మాత్రమే ఈ యంత్రము తూచగలిగెడిది. ప్రోటీనువంటి పెద్ద అణువులు వేడికి చితికిపోవును. 1980వ దశకమున అమెరికాలో జాన్ ఫెన్ విద్యుత్తు పెట్టిన సన్నని తుంపరలనుండియు, జపానులో కోయిచి టనాకా లేజరు వెలుగుతోను, పెద్ద అణువులను చెక్కుచెదరకుండ గాలిలోనికి లేపగలిగిరి. డాక్టరేటు లేని ఇంజనీరైన ఈ రెండవ టనాకాకు, ఫెన్‌తో పాటు 2002లో నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో, పళ్లెములో పెరిగిన సూక్ష్మజీవులను లేజరుతో కొట్టి, వాని ప్రోటీనుల భారముల వరుసను చూచి, జాతి యేదో నిమిషములలో చెప్పుచున్నారు. మునుపు ఆ గుర్తింపునకు తరచు మరునాటివరకు వేచియుండవలసి వచ్చెడిది. కడుపుపుండ్లకు కారణమైన హెలికోబాక్టర్ క్రిమిని ఊపిరిలోనే పట్టు పద్ధతి 1987లో ప్రకటితమయ్యెను. రోగి 13 భారముగల కర్బనము చేర్చిన యూరియాను త్రాగును. క్రిమి యున్నచో దానిని విడగొట్టును. అప్పుడు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువులో 44తో పాటు 45 గీత బలపడును.

అన్నిటికంటె ఉపాధ్యాయులకు చెప్పదగినది నవజాత శిశువుల పరీక్ష. ఫినైల్ కీటోన్యూరియా అను వ్యాధిని 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ గుర్తించెను. ఆహారములోని ఫినైల్ అలనిన్ అను అమైనో ఆమ్లమునకు ఒక ఆమ్లజని పరమాణువును చేర్చి టైరోసిన్‌గా మార్చు ఎంజైము ఈ పిల్లలలో పనిచేయదు. పేరుకొన్న పదార్థము మెదడును దెబ్బతీయును. తగిన ఆహారనియమముతో దీనిని అదుపుచేయవచ్చునని 1953లో హోర్స్ట్ బికెల్, సహచరులు ప్రకటించిరి. అది ఆస్టన్ చదివిన బర్మింగ్‌హామ్ నగరపు పిల్లల ఆసుపత్రిలోనే. అయితే ఆ నియమము మొదటి వారములలో మొదలుకావలెను. అప్పటికి బిడ్డ చూచుటకు ఆరోగ్యముగనే యుండును. 1960వ దశకమున రాబర్ట్ గత్రీ మడమనుండి తీసిన రక్తపు బొట్టును దళసరి కాగితముపై ఆరబెట్టి పరీక్షించు పద్ధతిని తెచ్చెను. కాని ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క పరీక్ష కావలసియుండెను.

రెండు మాస్ స్పెక్ట్రోమీటర్లను వరుసగా కూర్చిన యంత్రము ఈ చిక్కును విడదీసెను. ఫినైల్ అలనిన్ భారము 165, టైరోసిన్ భారము 181. భేదము 16: ఆస్టన్ తన కొలతలకు ప్రమాణముగా పెట్టుకొన్న ఆ ఆమ్లజనియే! మొదటి భాగము అణువులను భారము ననుసరించి ఏరును. నడుమ వాయువుతో ఢీకొని అవి విరుగును. రెండవ భాగము ముక్కలను తూచును. ఈ అమైనో ఆమ్లములు సాధారణముగా 46 భారముగల ముక్కను విడుచును. ఆ 46 పోగొట్టుకొనినవానిని మాత్రమే చూపుమన్నచో మిగిలిన గుంపు మరుగగును. ఎంతయున్నదో తెలియుటకు, భార ఉదజని పరమాణువులైదింటిని చేర్చిన ఫినైల్ అలనిన్‌ను తెలిసిన కొలతలో ముందే రక్తపు చుక్కకు కలుపుదురు. గుణములో అది కవల, భారములో అయిదెక్కువ. ప్రక్కప్రక్కనున్న రెండు గీతల ఎత్తులను పోల్చినచో బిడ్డ రక్తములోని పరిమాణము తెలిసిపోవును. కాగితమునుండి కత్తిరించిన చిన్న బిళ్ల, కొలది నిమిషముల కాలము, ముప్పదికి పైగా వ్యాధులు.

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమున డేవిడ్ మిల్లింగ్టన్ బృందము ఈ మార్గమును 1990లో సూచించెను. 1997 నుండి ఉత్తర కెరొలినా రాష్ట్రము పుట్టిన శిశువులకు దీనిని అమలుపరచెను. పిమ్మట అనేక దేశములు అనుసరించినవి. మన దేశమున కొన్ని ఆసుపత్రులలో ఈ పరీక్ష దొరకుచున్నను, పుట్టిన ప్రతి బిడ్డకును ఇంకను అందలేదు.

ఈ పరీక్షలో పట్టుబడు లోపములలో ఒకటి తల్లిదండ్రులకు ముందుగా తెలియు మార్గమే లేనిది. మధ్యరకపు పొడవుగల క్రొవ్వు ఆమ్లములను దహించు ఎంజైము కొందరు శిశువులలో పుట్టుకతోనే లోపించును. బిడ్డ పాలు త్రాగుచు, నవ్వుచు పెరుగును. ఒకనాడు జ్వరము వచ్చి, వాంతులై, రాత్రి ఏమియు తినక నిద్రపోవును. ఆకలిగొన్న శరీరము క్రొవ్వును వాడబోయి వాడలేకపోవును. రక్తములో చక్కెర పడిపోవును. బిడ్డ స్పృహ తప్పును, ఒక్కొక్కప్పుడు తెల్లవారునప్పటికి ప్రాణముండదు. ఇట్టి మరణములలో కొన్నింటికి పూర్వము కారణము తెలియకయే పోయెడిది. పరీక్షలో ఎనిమిది కర్బనముల క్రొవ్వు ఆమ్లము కార్నిటిన్‌తో కలిసి 288 వద్ద ఎత్తైన గీతగా కనబడును. దీనికి ఖరీదైన మందు లేదు, శస్త్రచికిత్స లేదు. బిడ్డను ఎక్కువసేపు పస్తుంచరాదనియు, జబ్బుపడి తిననప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి గ్లూకోజు ఎక్కింపవలెననియు తల్లికి చెప్పుదురు. ఆమె రాత్రివేళ లేచి పాలు పట్టును.